ఒకే వేడి, వేరు వేరు పరుగులు

 

ఈ ఉపన్యాసం ఆచార్య సూరి భగవంతం గారి స్మృతికి అంకితం. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదువుకుని, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ దగ్గర చేరిన యువకుడాయన. రామన్ ఫలితం వెలుగు చూసిన సంవత్సరమే అది. అణువు కంటికి కనపడదు. దాని మీద పడి చెదిరిన కాంతి మాత్రం దాని గుట్టు విప్పుతుంది. భగవంతం గారు తన పరిశోధన జీవితంలో ఎక్కువ భాగం ఆ గుట్టు చదవడానికే వెచ్చించారు. 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉండి, తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యారు. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఈ రెండు జిల్లాల డిగ్రీ పట్టాలు ఉస్మానియా పేరుతోనే వచ్చేవి. ఈ హాల్లో నెరిసిన తలలవారిలో చాలామంది బీరువాల్లో ఆ పట్టా ఉండే ఉంటుంది. అందుకని ఆయన్ను ఇక్కడ తలుచుకోవడం పరాయివాడికి దండ వేయడం కాదు, ఇంటి పెద్దను తలుచుకోవడం.

ఈ పూట చెప్పదలచింది ఒకే ఒక్క మాట. ఒకే వేడిలో ఉన్న అణువులన్నిటికీ సగటున గతిజ శక్తి సమానం. కాబట్టి తేలికవి వేగంగా, బరువైనవి నెమ్మదిగా పరుగెత్తుతాయి. ఇంటర్ పుస్తకంలో ఇది ఒక్క గీత సూత్రం. పరీక్షకు రాసి మరిచిపోతాం. ఆ గీత వెనక మన ఇంటి మంచినీళ్ళ మట్టి రంజన్, మన గుట్ట, మన ఆకాశం ఉన్నాయని చూపడమే ఇక్కడి పని.

1

మొదట సైకిల్ షాపుకు వెళ్దాం. పంక్చరు వేసిన కుర్రవాడు పంపుతో ఇరవై ముప్పై దెబ్బలు గాలి కొట్టాక, పంపు గొట్టం కింది కొసను వేళ్ళతో పట్టుకుంటే చురుక్కుమంటుంది. లోపల రాపిడి వల్ల అంటారు. రాపిడి వాటా కొంత ఉంది, కాదనలేం. కానీ ఆ వేడిలో పెద్ద వాటా గాలిదే.

క్రికెట్ ఆడే పిల్లలకు దీని సంగతి చేతులతో తెలుసు. బ్యాటును కదలకుండా పెడితే బంతి వచ్చిన వేగాన్ని మించి వెనక్కి పోదు. ఎదురెళ్ళి కొడితే అంతకన్నా వేగంగా పోతుంది. పంపులో దిగుతున్న పిస్టన్ ఎదురొచ్చే బ్యాటు లాంటిది. తగిలిన ప్రతి అణువూ కాస్త ఎక్కువ వేగంతో వెనుదిరుగుతుంది. ఒక దెబ్బలో పెరిగేది చాలా తక్కువే, అయినా పిస్టన్ కిందికి దిగేలోగా ఒక్కో అణువు వందల సార్లు దానికి తగులుతుంది. ఆ పెరిగిన పరుగునే మన వేళ్ళు వేడి అంటాయి. వేడెక్కడం వేరు, పరుగు పెరగడం వేరు కాదు. రెండూ ఒకటే.

ఎంత పరుగు? 27 డిగ్రీల దగ్గర గాలిలోని నైట్రోజన్ అణువు వేగం సెకనుకు సుమారు 517 మీటర్లు. ఇది వేగాల వర్గాలను సగటు కట్టి వర్గమూలం తీస్తే వచ్చే లెక్క. దారిలో ఏదీ అడ్డం రాకపోతే నల్లగొండలో బయలుదేరిన అణువు దాదాపు మూడు నిమిషాల్లో హైదరాబాద్ చేరాలి. ఇప్పుడు ఈ హాల్లో మీ చెంపలకు తగులుతున్నవి అవే.

ఇక్కడ వెనక బెంచీవాళ్ళను ఒక ప్రశ్న అడగాలి. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలు, మే నెల మిట్టమధ్యాహ్నం 45 డిగ్రీలు. వడగాలిలో అణువుల పరుగు ఎంత పెరిగి ఉంటుంది? మూడు రెట్లని చాలామందికి తోస్తుంది. లెక్క వేస్తే చలికి 506 మీటర్లు, ఎండకు 532. తేడా నూటికి అయిదే. మన థర్మామీటరు సున్నా నీళ్ళు గడ్డకట్టే చోట మొదలవుతుంది. అణువుల సున్నా దానికి 273 డిగ్రీల కింద ఉంది. ఆ లెక్కన చలి పొద్దు 288, ఎండ పొద్దు 318. శక్తి నూటికి పది పెరిగింది. శక్తి వేగపు వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి వేగం అయిదే పెరిగింది. నూటికి అయిదు తేడాకే మనుషులు వడదెబ్బ తిని పడిపోతున్నారంటే, మన ఒళ్ళు ఎంత సన్నని కట్ట మీద నడుస్తోందో ఆలోచించండి. మేలో ఉపాధి హామీ పనికి పోయే అమ్మలకు నీడ, నీళ్ళు ఇవ్వాలనడం దయ చూపడం కాదు, ఈ లెక్క చెప్పే అవసరం.

2

రెండో మెట్టు ఒక మనిషి కథ. జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ ఎడిన్‌బరోలో పుట్టి, 1839లో బొంబాయి వచ్చి, ఈస్టిండియా కంపెనీ నౌకాదళ విద్యార్థులకు పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. తీరిక దొరికినప్పుడల్లా వాయువుల గురించి ఆలోచించాడు. వాయువంటే అటూ ఇటూ పరుగెత్తే రేణువుల గుంపని, వేడంటే వాటి గతిజ శక్తేనని, రెండు వాయువులు కలిసి ఒకే వేడికి వస్తే రేణువుల బరువు ఎంత ఎక్కువైతే వేగం వర్గం అంత తక్కువవుతుందని రాసి, 1845లో లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. పరిశీలకులు అది అచ్చుకు పనికిరాదన్నారు. రాతప్రతి సొసైటీ అల్మారాలో ఉండిపోయింది. ఆయన దగ్గర మరో నకలు లేదు. ఈలోగా క్లాసియస్, మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్తలు వేరే దారుల్లో అదే చోటికి చేరారు, పేరు వాళ్ళకు వచ్చింది. వాటర్‌స్టన్ 1883లో పోయాడు. 1891లో లార్డ్ రేలీ ఆ రాతప్రతిని వెతికి తీయించి, మరుసటి ఏడాది అచ్చు వేయించాడు. రేలీ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తాడు.

బొంబాయి గదిలో కూర్చుని ఒంటరిగా ఆయన చెప్పిందేమిటో ఒక పళ్ళెంతో చూద్దాం. పళ్ళెంలో గాజు గోలీలు, ఇనుప గుండ్లు కలిపి పోసి ఊపుతూ ఉండండి. మొదట ఎవరి పరుగు వారిది. ఢీకొంటున్నకొద్దీ ఎక్కువ శక్తి ఉన్నది తక్కువ ఉన్నదానికి ఇచ్చుకుంటుంది. కాసేపటికి గుండు బరువుగా, నెమ్మదిగా దొర్లుతుంది, గోలీ తేలిగ్గా ఎగిరెగిరి పడుతుంది. పళ్ళెంలో రాపిడి ఉంది కాబట్టి లెక్క పూర్తిగా సరిపోదు. రాపిడి లేని అణువుల మధ్య సగటు కచ్చితంగా సమానమై ఆగుతుంది.

అందుకే 27 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ సెకనుకు 1,900 మీటర్లు దాటి పరుగెత్తుతుంది. హీలియం 1,370 దరిదాపుల్లో, నీటి ఆవిరి 645, ఆక్సిజన్ 484, ఆర్గాన్ 433. మనం వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు 412. హైడ్రోజన్ కన్నా ఆక్సిజన్ పదహారు రెట్లు బరువు, వేగంలో నాలుగో వంతు. సన్నని రంధ్రాల గుండా హైడ్రోజన్ నాలుగు రెట్లు వేగంగా జారిపోతుందని థామస్ గ్రాహం అంతకుముందే, 1830ల్లోనే, ప్రయోగం చేసి చూశాడు. ఎందుకన్నది మాత్రం ఆయనకు అందలేదు.

ఇదంతా ఆదర్శ వాయువు లెక్క. అణువులకు సొంత పరిమాణం లేదని, ఒకదాన్నొకటి లాక్కోవని అనుకుని వేసిన లెక్క. మన గాలి దానికి చాలా దగ్గర. గ్యాస్ బండలో ద్రవంగా మారిన ఎల్‌పీజీ చాలా దూరం.

3

వంటింట్లో ఇంగువ పోపు పడింది. అణువులు సెకనుకు వందల మీటర్లు పరుగెత్తేవైతే ఆ వాసన రెప్పపాటులో పక్క వీధికి పోవాలి కదా? పోదు. ఈ అభ్యంతరాన్ని డచ్చి శాస్త్రవేత్త బైస్ బల్లాట్ గట్టిగానే లేవనెత్తాడు. 1858లో క్లాసియస్ జవాబిచ్చాడు: పరుగు నిజమే, సూటి దారి లేదు. అణువు ఒక మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా పోకముందే ఇంకోదాన్ని ఢీకొంటుంది. మామూలు గాలిలో సెకనుకు ఏడు వందల కోట్ల ఢీలు. ఊరి జాతరలో పరుగందుకున్న పిల్లవాడి పరిస్థితి. గాలి ఏమాత్రం కదలకపోతే అణువు గంటకు మూరెడు దూరం జరిగితే గొప్ప. పోపు వాసన మన దాకా వస్తోందంటే తెచ్చేది గాలి కదలికే.

4

ఇప్పుడు రంజన్. పాలమూరు ఇళ్ళ వాకిట్లో, బస్‌స్టాండు చలివేంద్రంలో తడి గోనెసంచి చుట్టి ఇసుక మీద కూర్చోబెట్టిన మట్టి రంజన్‌ను ఎరగనివారు ఈ హాల్లో లేరు. బయట 43 డిగ్రీలు మండుతుంటే లోపలి నీళ్ళు గొంతు దిగుతూ చల్లగా తగులుతాయి.

సగటు అన్నామే, ఆ సగటు వెనక ఏముందో రంజన్ చూపిస్తుంది. అన్ని అణువులూ ఒకే వేగంతో పోవు. కొన్ని దాదాపు నిలబడే ఉంటాయి, ఎక్కువ భాగం మధ్యలో, కొద్ది మాత్రం సగటును ఎంతో దాటి. ఏ వేగంతో ఎన్ని ఉంటాయో చెప్పే వక్రరేఖను మాక్స్‌వెల్ 1860లో అచ్చు వేశాడు. ఎడమన దిబ్బలా లేచి, కుడివైపు పొడుగాటి తోకలా సాగే గీత అది. నీటిలోంచి ఒక అణువు బయటపడాలంటే పొరుగు అణువుల లాగుడును తెంపుకోవాలి. దానికి సగటు గతిజ శక్తికి పది రెట్లు దాటిన శక్తి కావాలి. ఆ తోక చివరి అణువులకే అది సాధ్యం. మట్టి గోడ చెమర్చిన చోట అవి లేచిపోతాయి. బాగా పరుగెత్తేవి వెళ్ళిపోతే మిగిలినవాటి సగటు పడిపోతుంది. మిగిలిన నీళ్ళు చల్లబడతాయి.

పది లీటర్ల రంజన్‌లోంచి 100 మిల్లీలీటర్లు, అంటే అర గ్లాసు, ఆవిరైతే చాలు, బయటి వేడి లోపలికి రాకుండా ఉంటే మిగతా నీళ్ళు దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడతాయి. అందుకే రంజన్ కింద ఇసుక తడిసి ఉందని, నీళ్ళు కారిపోతున్నాయని విసుక్కోకూడదు. గోడ తడిగా ఉన్నంతసేపే లోపల చల్లన. సున్నం పట్టి రంధ్రాలు పూడిన పాత కుండ బాగా చల్లబరచదని ఇంట్లో అమ్మమ్మలు కుండ మారుస్తారు, వాళ్ళ పరిశీలన సరైనది.

మచిలీపట్నంలో ఇదే రంజన్ పెడితే ఇంత చల్లన రాదు. అక్కడి గాలిలో సముద్రపు తేమ నిండి ఉంటుంది. బయటికి పోయిన అణువులతో దాదాపు సమానంగా బయటివి లోపలికి వచ్చి పడుతుంటాయి. ఈ మెట్ట నేలల పొడి ఎండ మన పంటలకు ఎంత శత్రువో రంజన్‌కు అంత మిత్రుడు.

5

ఇక ఆకాశం వైపు చూద్దాం. 1980 ఫిబ్రవరి 16. ఆ మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక తీరంలో మన దేశాన్ని తాకి, రాయచూరు మీదుగా మన జిల్లాలను దాటి ఒడిశా వైపు పోయింది. వీధులు ఖాళీ. గర్భిణులను గదుల్లో ఉంచి తలుపులు వేశారు. ఈ హాల్లో యాభై దాటినవారికి ఆ చీకటి గుర్తుండాలి, లేదా తలుపు వెనక కూర్చున్న గుర్తుండాలి. అదే సమయానికి నాగార్జునసాగర్ దారి వైపున్న ఉస్మానియా వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో దేశవిదేశాల శాస్త్రవేత్తలు పరికరాలు బిగించుకుని సిద్ధంగా ఉన్నారు. 1968 నుంచి 48 అంగుళాల టెలిస్కోపు ఉన్న చోటది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం నుంచి అమెరికాలోని కొలరాడోకు చెందిన హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ బృందం సూర్యుడి కరోనాను ఫొటో తీసింది. ఆ సంవత్సరం కరోనాకు గుర్తుగా నిలిచిన చిత్రాల్లో పాలెం చిత్రం ఒకటి.

రెండు నిమిషాలకు పైగా నిలిచిన ఆ చీకట్లో, నల్లని బిళ్ళ చుట్టూ విచ్చుకున్న తెల్లని ప్రభే కరోనా, అదొక వాయువు. ఎంత పలచనంటే ఆదర్శ వాయువు లెక్కలు దానికి మన గాలికంటే బాగా నప్పుతాయి. దాని వేడి పది నుంచి ఇరవై లక్షల డిగ్రీలు. థర్మామీటరు పెట్టలేని చోట ఈ అంకె ఎలా తెలిసింది?

పరుగును కాంతిలో చదివారు. ఎదురొచ్చే ఆర్టీసీ బస్సు హారన్ కీచుగా, దాటిపోయాక మందంగా వినిపిస్తుంది. కాంతిలోనూ అంతే. మన వైపు వచ్చే పరమాణువు వదిలే రంగు కాస్త నీలానికి, దూరంగా పోయేదాని రంగు కాస్త ఎరుపుకు జరుగుతుంది. కోట్ల పరమాణువులు తలో దిక్కుకు పోతుంటే సన్నని రంగు గీత వెడల్పవుతుంది. వెడల్పు కొలిస్తే వేగం, వేగం నుంచి వేడి. కరోనా వర్ణపటంలో 1869లో దొరికిన ఆకుపచ్చ గీతను చూసి భూమి మీద లేని కొత్త మూలకం అనుకున్నారు, కరోనియం అని పేరు కూడా పెట్టారు. డెబ్బై ఏళ్ళ తర్వాత స్వీడన్‌కు చెందిన ఎడ్లెన్ అది మనకు తెలిసిన ఇనుమేనని తేల్చాడు. పదమూడు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము. అన్ని ఊడాలంటే లక్షల డిగ్రీల వేడి ఉండాల్సిందే. ఇరవై లక్షల డిగ్రీల దగ్గర ఆ ఇనుప అయాన్ వేగం సెకనుకు 30 కిలోమీటర్లు.

పక్కనే అదే వేడిలో ఎలక్ట్రాన్ ఉంది. ఇనుము కన్నా లక్ష రెట్లు తేలిక. వాటర్‌స్టన్ లెక్కే ఇక్కడా. దాని వేగం సెకనుకు 9,500 కిలోమీటర్లు. మామూలు ఎండను పట్టకంతో విడదీస్తే కనిపించే సన్నని నల్ల గీతలు, ఈ ఎలక్ట్రాన్ల మీద పడి చెదిరిన కరోనా కాంతిలో చెరిగిపోతాయి. అంత వేగం మీద ఏ గీతా నిలవదు. పాలెం ఫొటోలో కనిపించే తెల్లదనంలో ఎక్కువ భాగం ఆ ఎలక్ట్రాన్ల నుంచి చెదిరి వచ్చిన ఎండే. భగవంతం గారు అప్పటికి జీవించే ఉన్నారు. చెదిరిన కాంతితో కనపడనిదాన్ని చదవడం ఆయన పెరిగిన విద్య.

6

గ్రహణాలతో తెలుగు నేలకు అంతకంటే పాత బంధం ఉంది. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన పాగ్సన్ మచిలీపట్నంలో నిలబడి సూర్యుడి అంచున లేచిన జ్వాలలను వర్ణపట దర్శినితో చూశారు. ఆ జ్వాలల కాంతిలో ఒక పసుపు గీత కనిపించింది. అది ఏ తెలిసిన మూలకానికీ సరిపోలేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త దాన్ని చూశాడు. తర్వాత దానికి సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అని పేరు నిలిచింది. అది భూమి మీద దొరకడానికి ఇరవై ఏడేళ్ళు పట్టింది. 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే దాన్ని ఒక యురేనియం ఖనిజంలోంచి బయటికి తీశాడు.

యురేనియం అనగానే హాల్లో కొందరు కదిలారు. నాగార్జునసాగర్ జలాశయం పక్కన లంబాపూర్, పెద్దగట్టు యురేనియం నిక్షేపాలు వారికి గుర్తొచ్చి ఉంటాయి. సూర్యాపేట దగ్గర లింగమంతుల జాతర జరిగే పెద్దగట్టు కాదు, ఇది వేరు. తవ్వకాలు వద్దని ఆ పల్లెలు ఎంత గట్టిగా నిలబడ్డాయో మీకు చెప్పనక్కర్లేదు. ఆ రాతిలోని యురేనియం-238 పరమాణువు మెల్లగా సీసంగా మారేలోగా ఎనిమిది ఆల్ఫా కణాలను వదులుతుంది. ఆల్ఫా కణం అంటే హీలియం కేంద్రకమే. రెండు ఎలక్ట్రాన్లు అందుకోగానే హీలియం వాయువు. మన ఆకాశంలో సూర్యుడి అంచున కనిపించిన వాయువు నల్లగొండ రాతిలో ఈ నిమిషానా పుడుతోంది.

అదే రాతిలో ఇంకో పుట్టుక జరుగుతోంది. మన గుట్టల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఈ రాతి ఫ్లోరైడు మర్రిగూడ, నాంపల్లి వైపు బోరునీళ్ళలోకి దిగి తరతరాల ఎముకలను వంచింది. ఆ బాధ తెలిసినవాళ్ళం కాబట్టి రాతిలో ఏముందో మనకంటే శ్రద్ధగా తెలుసుకోవాల్సినవారు లేరు. ఆ గ్రానైటులోని గులాబీ గింజ పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్. అందులోని పొటాషియం-40 సగం తరగడానికి 125 కోట్ల ఏళ్ళు పడుతుంది. తరిగినదాంట్లో నూటికి పదకొండు వంతులు ఆర్గాన్ అవుతుంది. రాయి పుట్టిన నాటి పొటాషియం-40లో ముప్పావు ఇప్పటికే పోయింది.

హీలియం, ఆర్గాన్ రెండూ జడ వాయువులే, దేనితోనూ కలవవు. రెండూ రాతిలోంచే గాలిలోకి వస్తాయి. మరి గాలిలో ఆర్గాన్ నూటికి 0.93 వంతులుంటే, హీలియం పది లక్షలకు అయిదు వంతులే ఎందుకుంది?

గాలి పొరల పైఅంచున, అణువులు ఒకదాన్నొకటి ఢీకొనడం మానేసే ఎత్తులో, వేడి సుమారు వెయ్యి కెల్విన్లు. అక్కడ ఆర్గాన్ వేగం సెకనుకు 800 మీటర్ల లోపే. హీలియం వేగం 2.5 కిలోమీటర్లు. విడి హైడ్రోజన్ పరమాణువు వేగం 5 కిలోమీటర్లు. భూమిని వదిలి పోవాలంటే సెకనుకు 11 కిలోమీటర్లు కావాలి. సగటు చాలదు. కానీ రంజన్ గోడ దగ్గర చూసిన ఆ తోక ఇక్కడా ఉంది. హైడ్రోజన్ తోక 11 దాటుతుంది, నిత్యం కొంత పోతూనే ఉంటుంది. హీలియం పోయే దారిలో ఒక్క వేడే కాదు, ధ్రువాల దగ్గర అయాన్లుగా మారి అయస్కాంత రేఖల వెంట వెళ్ళేదీ ఉంది. ఎలా పోయినా దాని తేలికదనమే దానికి దారి. హీలియం కన్నా పది రెట్లు బరువైన ఆర్గాన్‌కు ఆ తోక 11 కిలోమీటర్ల దరిదాపులకు కూడా రాదు. రాయి వదిలిన ఆర్గాన్ వదిలినట్టే భూమి మీద ఉండిపోయింది. నైట్రోజన్, ఆక్సిజన్ ఉండిపోవడానికీ అదే లెక్క. 1894లో ఆర్గాన్‌ను పట్టుకున్నది రామ్సే, రేలీ. మూడేళ్ళ ముందు వాటర్‌స్టన్ కాగితాలను అల్మారాలోంచి తీయించిన రేలీయే.

ఈ హాలు బయట వరండాలో బల్ల మీద చేటంత గ్రానైటు చెక్క ఒకటి, పక్కనే భూతద్దం, తడి గుడ్డ ఉన్నాయి. గుడ్డతో ఒకసారి తుడిస్తే గులాబీ గింజలు మెరుస్తాయి. ఇంకా బయటపడని ఆర్గాన్ వాటిలో చిక్కుకునే ఉంది. రాతి వయసు చెప్పేవారు ఆ గింజలనే కరిగించి, బయటికి వచ్చిన ఆర్గాన్‌ను కొలుస్తారు. పిల్లలు ముందు చూడండి, పెద్దలు తర్వాత రావచ్చు. ఆ బల్ల పక్కనే రంజన్‌లో నీళ్ళున్నాయి, రెండు థర్మామీటర్లు కూడా పెట్టారు, ఒకటి లోపల, ఒకటి బయట.